మేజరు ఉడత, మా అమ్మ చేతులు

మా నాన్న ఉచ్చని సీసాల్లో పట్టి దాచడం మొదలుపెట్టింది ఆ అక్టోబర్లోనే.

నారింజ స్క్వాష్ సీసాలు, మెట్ల కింద, వరసగా. లీడ్స్‌లో అద్దె కట్టలేక, లాప్‌టాప్ చంకన పెట్టుకుని నేను ఇంటికి తిరిగొచ్చిన మొదటి వారం అది. దాహమేసి ఒక సీసా అందుకుని మూత తిప్పాను. అక్కడితో ఆపుతాను.

"పారబోసేవు, జాగ్రత్త. అది ఉడతలకి," అన్నాడు నాన్న, వార్తాపత్రికలోంచి తల ఎత్తకుండానే. "మగవాడిదే కావాలి. ఆడవాళ్లది పనిచెయ్యదు."

"ఎవరు చెప్పారు?"

"సంఘంలో అందరికీ తెలుసు."

సంఘం అంటే ట్యూలిప్ సంఘం. మా ఊళ్లో ఫుట్‌బాల్ జట్టు కన్నా పాతది. ఇందులో పెంచే ట్యూలిప్పులు ఏ దుకాణంలోనూ దొరకవు. ఉల్లిపాయల్లాంటి వాటి గడ్డలు చేతి నుంచి చేతికే మారతాయి. ఏటా మే నెలలో చర్చి హాల్లో పోటీ పెడతారు. ఒక్కో పువ్వునీ ఒక్కో గోధుమరంగు బీరు సీసాలో నిలబెడతారు. మొదట్లో ఈ పూలు పెంచినవాళ్లు బూట్లు కుట్టేవాళ్లూ బొగ్గు గనుల వాళ్లూ కాబట్టి వాళ్లింట్లో ఉన్న గాజుసామాను అదే. ఇప్పుడు డెంటిస్టులు కూడా పెంచుతున్నారు గానీ సీసా మాత్రం మారలేదు.

మా ఇంట్లో ఉన్న ట్యూలిప్ పేరు రోజీ. పాలమీగడ రంగు రేకుల మీద వంకాయరంగు మంటల్లాంటి చారలు. దాన్ని పుట్టించింది మా తాత, అంటే మా అమ్మ వాళ్ల నాన్న. ఆయన పోయినప్పుడు సంఘం వాళ్లు గడ్డల్ని తెచ్చి మా నాన్న చేతిలో పెట్టారు. అల్లుడు కదా. కూతురు ఆ టైములో వచ్చినవాళ్లకి టీ పోస్తోంది. అప్పుడు బుట్టెడు ఉండేవి. ఆ అక్టోబర్‌కి గుప్పెడు మిగిలాయి. వేరేవాళ్ల దగ్గర ఉన్నవి ఎప్పుడో కుళ్లిపోయాయి.

"ఇవి పోతే ఇంక లేవు," అంది అమ్మ, వాటిని వంటింటి బల్ల మీద పరిచి ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో నొక్కి చూస్తూ.

పని ఎప్పుడో పంచేసుకున్నారు వాళ్లిద్దరూ. మట్టి అమ్మది, సీసా నాన్నది. తవ్వడం, నాటడం, ఎరువెయ్యడం, నత్తల్ని ఏరడం అమ్మ పని. రేకుల్ని ఒంటె వెంట్రుకల బ్రష్షుతో దువ్వడం, కార్డు మీద పేరు రాయడం, కప్పు పట్టుకుని ఫొటో దిగడం నాన్న పని.

"పైన కోళ్ల జాలీ పరిచేస్తే సరిపోతుంది కదా డెరిక్," అంది అమ్మ నాటిన రోజున.

"నా పూలని జైల్లో పెట్టమంటావా? మొలక వంకరపోతుంది."

"మార్చిలో తీసేస్తే పోదు. మా నాన్న అలాగే చేసేవాడు."

"నోరీన్, మీ నాన్న కాలంలో జడ్జీలకి కళ్లు సరిగ్గా కనపడేవి కాదు."

అలా జాలీ షెడ్డు వెనకే ఉండిపోయింది. సీసాలు బయటికొచ్చాయి. నింపడం నాన్న వంతు, వంగి పొయ్యడం అమ్మ వంతు. అది చాలదని నాన్న సెలూన్‌కి వెళ్లి గోనెసంచి నిండా జుట్టు తెచ్చాడు. మనిషి వాసనకి ఉడత దగ్గరికి రాదట. ఊళ్లో సగం మంది మగాళ్ల జుట్టు మా పెరట్లో వానకి తడిసి, ముద్దకట్టి, చచ్చిన కుక్కని ఎవరో మడి మీద పడుకోబెట్టినట్టు కనిపించేది. నా గది కిటికీ దాని మీదకే. ఆఫీసు వీడియో మీటింగుల్లో నా వెనక ఆ కిటికీకి బదులు సముద్రం బొమ్మ పెట్టుకునేదాన్ని.

ఉడతలు ఆ జుట్టు పట్టుకెళ్లి గూడు కట్టుకున్నాయి. గడ్డలు తవ్వుకున్నాయి. తవ్విన గడ్డనైనా పూర్తిగా తింటాయా అంటే అదీ లేదు. ఒక పక్క కొరికి, ఉమ్మేసి, ఇంకోదానికి పోతాయి. పొద్దున్నే గోడ మీద గోధుమరంగు తొక్కలు కనిపిస్తే అమ్మ వాటిని చెయ్యి పెట్టి తుడిచి, లోపలికి వచ్చేసేది.

గోడకి అవతల విన్నీ ఆంటీ. డెబ్భై దాటిన మనిషి. నలభై ఏళ్లు ఉత్తరాలు పంచి పంచి కాళ్లు వంకర తిరిగాయి. ఆవిడకి ఉడతలంటే ప్రాణం, రోజూ పల్లీలు వేస్తుంది. మా ఇంటి వైపు నుంచి చూస్తే ఆవిడ శత్రువులకి క్యాంటీను నడుపుతోంది.

"నేను వెయ్యకపోతే ఇంకా ఆకలితో మీ మీద పడతాయి తల్లీ," అనేది నాతో.

నవంబరు చివర్లో నాన్న బోను కొన్నాడు. మర్నాడే ఒక కుర్ర ఉడత పడింది. బూడిదరంగుది, జానెడు పొడుగు తోక. నాన్న బోను ఎత్తి పట్టుకుని పెరడంతా తిప్పాడు.

"దీన్ని కాలవ అవతల అడవిలో వదిలేసి వస్తా. బ్రతికిపోతుంది పాపం."

"వదలకూడదు నాన్నా," అన్నాను, ఫోన్లో ప్రభుత్వం వాళ్ల పేజీ చూసి. "బూడిద ఉడత పరాయి దేశపు జాతట, ఒకసారి పట్టుకుంటే మళ్లీ బయట వదలడం నేరమట. పెంచుకోవడం కూడా నేరమే."

"మరేం చెయ్యాలి?"

"చంపాలి. బాధ పెట్టకుండా."

గోడ మీద నుంచి విన్నీ ఆంటీ, "అందుకే నేను ఎవర్నీ పట్టుకోను," అంది.

నాన్న బోనుని చూశాడు, నన్ను చూశాడు. మా నాన్న జీవితంలో పార్కింగు జరిమానా కూడా కట్టని మనిషి. ఎర్ర లైటు దగ్గర, రోడ్డు మీద పురుగు లేకపోయినా, నిలబడే రకం.

"సరే. రేపు చూద్దాం," అన్నాడు.

ఆ రేపు ఫిబ్రవరి దాకా సాగింది.

వదలడానికి చట్టం ఒప్పుకోదు, చంపడానికి ఆయన మనసు ఒప్పుకోదు. కాబట్టి ఉడత షెడ్డులో ఉండిపోయింది. అది కూడా నేరమేగా అంటే, "నేను పెంచుకోవట్లేదు. నిర్ణయం తీసుకుంటున్నాను," అన్నాడు. మా ఆఫీసులో కూడా ఇలాంటి మేనేజరు ఒకడున్నాడు.

మొదటి వారం అమ్మ దగ్గరికి వెళ్లాడు. "మీ నాన్న కుందేళ్లని పెంచేవాడు కదా నోరీన్. నీకు అలవాటే కదా."

"అవి తినడానికి. పట్టుకున్నది నువ్వు."

"కాదనట్లేదు. నాకు మనసు సున్నితం, నీకు తెలుసు కదా."

తరవాత నా దగ్గరికి వచ్చాడు. జంతువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు, సూది వేస్తారు అన్నాను. "డబ్బిచ్చి హత్య చేయించమంటావా?" అని మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజున ఉడతకి పేరు పెట్టేశాడు. మీసాలు చూసి, సైన్యంలో ఆఫీసరులా ఉందని, మేజరు అని. పేరు పెట్టేశాక ఇంక ఎవరేం చేస్తారు.

మేజరుకి హేజెల్ గింజలు, క్రిస్మస్‌కి బ్రెజిల్ గింజలు. మాకు మామూలు క్యారెట్లు. షెడ్డు తలుపు తీస్తే చాలు, తడి ఎలక, పాత చీజు, ఇంకా నాకు పేరు తెలియనిదేదో కలిసి ముక్కులోకి గుప్పున కొట్టేది. బోను కింద రేకు రోజూ కడగాలి. అది ఎవరు కడిగారో నేను చెప్పక్కర్లేదు. నాన్నని మేజరు రెండుసార్లు కరిచింది. రెండుసార్లూ కట్టు కట్టింది అమ్మే.

"దానికి నా మీద కోపం లేదు. ఆడుకుంటోందంతే," అన్నాడు నాన్న, రక్తం కారుతున్న వేలు అమ్మ వైపు చాపి.

ఈలోగా బయట ఉన్న ఉడతలు తమ పని తాము చేసుకుంటూ పోయాయి. గుప్పెడు కాస్తా అరగుప్పెడు అయ్యింది. అమ్మ జాలీ మాట ఎత్తినప్పుడల్లా నాన్న, "వాసనకే రావట్లేదు కదా," అనేవాడు, వచ్చి తవ్విన గుంట పక్కనే నిలబడి.

ఫిబ్రవరి చివర్లో ఒక ఆదివారం ఎండ కాసింది. మిగిలిన రోజీలు మొలకెత్తాయి, మట్టిలోంచి ఎర్రటి ముక్కులు బయటపెట్టాయి. నేను కాఫీ కప్పుతో వెనక గుమ్మం మీద కూర్చున్నాను. షెడ్డులోంచి నాన్న బయటికి వచ్చాడు. చేతిలో తాడు. తాడు చివర మేజరు. పిల్లిపిల్లలకి వేసే నీలం రంగు పట్టీ వేసుకుని ఉంది.

"నాన్నా, అదేంటి?"

"గాలి మార్పు. దాని బొచ్చు చూశావా, ఎలా ఊడిపోతోందో."

"వదలకూడదు అన్నారు కదా."

"తాడుంటే వదిలినట్టు కాదు. చట్టం నేనూ చదివాను."

గోడ అవతల విన్నీ ఆంటీ పల్లీలు వేస్తోంది. నాన్న తాడుని మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని, గోడకి ఆనుకుని, మే నెల పోటీ గురించి ఆవిడకి చెప్పడం మొదలుపెట్టాడు. ఈసారి రోజీకి కప్పు ఖాయమట. డెంటిస్టుకి ఏడుపే మిగులుతుందట. ఆయన మాట్లాడుతున్నంతసేపూ మేజరు ఆయన బూట్ల మధ్య నుంచి ముందుకు జరిగింది. మడి అంచున ఆగింది. తవ్వింది. మొలకతో సహా ఒక గడ్డని పైకి లాగి, వెనక కాళ్ల మీద కూర్చుని, రెండు చేతులా పట్టుకుని తినసాగింది, బస్టాపులో ఆపిల్ తినే మనిషిలా.

"చూడు విన్నీ, ఎంత ముద్దుగా కూర్చుందో," అన్నాడు నాన్న.

విన్నీ ఆంటీ చూసింది. మేజరు ఆ గడ్డ పారేసి ఇంకోదాని దగ్గరికి వెళ్లింది. నేను లేచేలోపే వంటింటి తలుపు తెరుచుకుంది. అమ్మ తడి చేతులతో అలాగే వచ్చింది.

"డెరిక్. తాడు ఇలా ఇవ్వు."

నాన్న మట్టిలో పడి ఉన్న గడ్డని చూశాడు. అమ్మని చూశాడు. షెడ్డు తలుపుని చూశాడు. మణికట్టుకి ఉన్న చుట్లు విప్పాడు. ఒకటి, తరవాత ఇంకొకటి. తాడుని అమ్మ చేతిలో పెట్టాడు. పెట్టి, నా వైపు తిరిగాడు.

"సాయంత్రం వాన ఉందంటావా?"

ఫోన్లో చూశాను. "లేదు," అన్నాను.

షెడ్డు తలుపు మూసుకుంది. లోపల ఒక్క చప్పుడు, బూటుకి అంటిన మట్టి రాలడానికి నేలకేసి కొట్టినట్టు. అంతే. అమ్మ బయటికొచ్చి, వంటింట్లోకి వెళ్లి, గిన్నెల సబ్బుతో చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. తరవాత షెడ్డు వెనక నుంచి జాలీ లాక్కొచ్చి మడి మీద పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టింది. ఈసారి వద్దని ఎవరూ అనలేదు.

ఆ సాయంత్రం నాన్న మేజరుని నా పాత బూట్ల పెట్టెలో పడుకోబెట్టి పూడ్చాడు. టోపీ తీసి నిలబడ్డాడు. మర్నాడు పొద్దున్న టిఫిను దగ్గర ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, కళ్లమ్మట నీళ్లు. నోట్లో బేకన్ శాండ్‌విచ్ ఉంది, గడ్డం మీద కొవ్వు మెరుస్తోంది.

"ఎలా చెయ్యగలిగావు నోరీన్? నాకు అర్థం కావట్లేదు. ప్రాణం ఉన్నది కదా అది."

అమ్మ పొయ్యి దగ్గరే ఉంది. "ఇంకోటి వేపనా?"

"వేపు. కరకరలాడేలా."

నేను నా ప్లేటు పక్కకి తోసేశాను. ఉచ్చ సీసాకి, జుట్టుకి, షెడ్డుకి కూడా నాకు ఇంత అసహ్యం వెయ్యలేదు. ఆ రోజు నుంచి ఆయనకి కొత్త అలవాటు ఒకటి వచ్చింది. అమ్మ టీ ఇస్తే, తాగే ముందు కప్పు అంచుని జేబురుమాలుతో తుడుచుకునేవాడు. మెల్లగా, అమ్మ చూస్తుండగానే. అమ్మ రెండు వారాలు చూసింది. తరవాత చూడ్డం మానేసింది.

మే నెల వచ్చింది. మార్చిలో అమ్మ జాలీ తీసేశాక, మిగిలిన కాసిని రోజీలూ నిటారుగా పెరిగి పూశాయి. కాడ వెంట్రుకంత కూడా వంగలేదు. పోటీ రోజు పొద్దున నాన్న వాటిలో ఒకదాన్ని కోసి, బ్రష్షుతో దువ్వి, బీరు సీసాలో పెట్టి, ఒళ్లో పెట్టుకుని కారులో కూర్చున్నాడు. అమ్మ నడిపింది. వెనక సీట్లో నేను, విన్నీ ఆంటీ, మా ఇద్దరి మధ్య రేకు కప్పిన పెద్ద పళ్లెంలో అమ్మ చేసిన గుడ్డు శాండ్‌విచ్‌లు. ఏటా అవే ముందు అయిపోతాయని అమ్మకి లోపల కాస్త గర్వం.

చర్చి హాల్లో ఒక పక్క పొడుగాటి బల్లల మీద సీసాలు, ఇంకో పక్క టీ బల్ల. జడ్జీలు వంగి పూల లోపలికి చూస్తున్నారు. జనం కప్పులతో నిలబడ్డారు. నాన్న చుట్టూ నలుగురైదుగురు చేరారు. ఉడతల బెడద ఈ ఏడు ఎవరిని ఎంత ఏడిపించిందీ మాట్లాడుకుంటున్నారు.

"నేనొకదాన్ని పట్టుకున్నా," అన్నాడు నాన్న. "మూడు నెలలు నా చేత్తో మేపా. చంపడానికి నాకు మనసొప్పలేదు. కానీ మా నోరీన్ ఉంది చూశారూ, ఆవిడ వేరే రకం. షెడ్డులోకి తీసుకెళ్లి, చేత్తోనే... సరే, టీ టైములో ఎందుకులెండి."

అప్పుడే సంఘం అధ్యక్షురాలు గ్లెనిస్ గారు అమ్మ పళ్లెంలోంచి ఒక శాండ్‌విచ్ తీసుకుంది. అమ్మ చేతుల వంక చూసింది. చేతిలో ఉన్నదాన్ని తిరిగి పళ్లెంలో పెట్టేసింది. దబాల్న కాదు. మర్యాదగా, పక్కదానితో అంచులు కలిపి, ఎవరూ ముట్టుకోనట్టు సర్ది. పక్కనున్నావిడ చెయ్యి అక్కడిదాకా వచ్చి కేకు మీదకి తిరిగింది. ఆ తరవాత వచ్చినవాళ్లంతా కేకు దగ్గరికే వెళ్లారు. ఎవరూ ఏమీ అనలేదు. మావాళ్లకి అదొక విద్య.

అమ్మ టీ కూజా పట్టుకుని బల్ల వెనక నిలబడే ఉంది. కప్పుల్లో పోస్తూనే ఉంది. మెడ దగ్గర మాత్రం ఎర్రబడింది.

విన్నీ ఆంటీ వంకర కాళ్ల మీద ఊగుతూ వచ్చింది. రెండు శాండ్‌విచ్‌లు తీసుకుంది. ఒకటి కొరికి, నములుతూ నాన్న దగ్గరికి వెళ్లింది.

"డెరిక్, ఆ తాడు నీ చేతికి రెండు చుట్లు ఉంది," అంది. గొంతు పెంచలేదు. నలభై ఏళ్లు వీధి చివర నుంచి పలకరించిన గొంతు, పెంచక్కర్లేదు. "నువ్వే విప్పి ఆవిడ చేతిలో పెట్టావు. గోడ పక్కన నిలబడి చూశాను. ఆ పిచ్చిముండ ఉడతని మూడు నెలలు కంపులో మూసి పెట్టింది నువ్వు. ఒక్క దెబ్బకి వదిలించింది ఆవిడ. ఉడతలంటే ఇష్టం ఉన్నదాన్ని నేను చెప్తున్నా."

నాన్న నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వుదామా అని చూశారు. అప్పుడే గంట కొట్టి, మొదటి బహుమతి రోజీకని ప్రకటించారు. నాన్న టై సర్దుకుని ముందుకు వెళ్లాడు. చప్పట్లు కొట్టారు. ఆ పూల కోసం ఏం ఓర్చుకోవాల్సి వచ్చిందో చెప్పాడు, సున్నితంగా.

నేను గుడ్డు ముట్టుకుని మూడేళ్లయింది. వెళ్లి ఒక శాండ్‌విచ్ తీసుకున్నాను.

"నువ్వు తినవు కదే," అంది అమ్మ.

"ఇవాళ తింటా."

చల్లగా, మెత్తగా, నోట్లో బంకలా అతుక్కుంది. మింగేశాను. అమ్మ కూజా కింద పెట్టి, కుర్చీ లాక్కుని, నా పక్కన కూర్చుని తనూ ఒకటి తిన్నది. చప్పట్లు అయిపోయినా మేం తింటూనే ఉన్నాం.

జూన్ సగంలో ఆకులు ఎండాయి. గడ్డలు తవ్వి తియ్యాల్సిన రోజు. అమ్మ మోకాళ్ల మీద కూర్చుని మట్టిని వేళ్లతో వదులు చేస్తూ ఒక్కొక్కటే బయటికి తీసింది. రోజీలు పిల్లలు పెట్టాయి. ఒక్కో తల్లి గడ్డకీ అంటుకుని రెండేసి, మూడేసి. అరగుప్పెడు మళ్లీ గుప్పెడు దాటింది.

నాన్న ఆరబెట్టే ట్రే తెచ్చి పక్కన నిలబడ్డాడు. అమ్మ గడ్డల్ని ట్రేలో వెయ్యలేదు. ఏప్రన్ ఒళ్లో వేసుకుంది. లేచి, మోకాళ్ల మట్టి దులుపుకుని, పక్క గేటు వైపు నడిచింది. గేటు దగ్గర అమ్మ సూట్‌కేసు ఉంది. ఎప్పుడు సర్దిందో నాకు తెలియదు.

"ఎక్కడికి?" అన్నాడు నాన్న.

"విన్నీ వాళ్లింటికి. వెనక గది ఖాళీగా ఉందంది."

"గడ్డలు ఆరబెట్టడానికా?"

"గడ్డలకీ, నాకూ."

"విన్నీ పెరడంతా ఉడతలే నోరీన్. ఒక్కటి మిగలనివ్వవు."

"జాలీ కొన్నాను. కొత్తది."

ఒక చేత్తో ఏప్రన్ అంచులు పట్టుకుని, ఇంకో చేత్తో సూట్‌కేసు లాగుతూ వెళ్లిపోయింది. గోడ అవతల తలుపు తెరుచుకున్న చప్పుడు, విన్నీ ఆంటీ "కెటిల్ పెట్టాను" అనడం వినిపించాయి. నాన్న ఖాళీ ట్రేతో లోపలికి వచ్చాడు. నేను వంటింటి కిటికీ పక్కన, బల్ల దగ్గర, లాప్‌టాప్ ముందు కూర్చునే ఇదంతా చూశాను.

"కోపంలో ఉంది. రెండ్రోజుల్లో వచ్చేస్తుంది," అన్నాడు.

నేను లాప్‌టాప్ మీద నుంచి తల ఎత్తలేదు. ఆయన వంటింట్లో అటూ ఇటూ తిరిగాడు. సింకు దగ్గర ఆగాడు. ముక్కు మూసుకున్నాడు.

"బ్రయనీ, నీళ్లు దిగట్లేదమ్మా. లోపల ఏదో కుళ్లినట్టుంది. నాకు ఈ వాసన పడదు కదా. కాస్త నువ్వు చెయ్యి పెట్టి చూడు."

సింకు కింద నుంచి అమ్మ పసుపుపచ్చ రబ్బరు తొడుగులు తీసి నా ముందుకి చాపాడు. రెండు వేళ్లతో, వంటికి దూరంగా, చచ్చినదాన్ని తోక పట్టుకుని ఎత్తినట్టు.

నేను లాప్‌టాప్ మూసి, ఛార్జరు పీకి, రెండూ చంకన పెట్టుకుని లేచాను.

"నీకు సరిపోతాయి నాన్నా. తొడుక్కో."